మూడో పొర

మా వదిన పోయింది. ఆ మాట మా అన్న ఫోన్‌లో చెప్పేటప్పటికి నేను డిగ్రీ పిల్లలతో ప్రాక్టికల్స్ చేయిస్తున్నాను. ఒకమ్మాయి మీటరు తీగలు తారుమారుగా కలిపితే కోప్పడుతున్నాను. అన్న పేరు చూసి వరండాలోకి వెళ్లి ఎత్తాను. "పోయింది చెల్లే" అన్నాడు. అంతే. లోపలికి వచ్చి ఆ అమ్మాయి తీగలు సరిచేసి, అందరి రీడింగులూ అయ్యేదాకా నిలబడి, అప్పుడు బయల్దేరాను. ఆటోలో కూర్చున్నాక నాకు మొదట వచ్చిన ఆలోచన ఏమిటో చెప్తే మీరు నన్ను మనిషి కింద లెక్కగట్టరు. "ఇందులో కూడా నాకంటే ముందేనా" అనుకున్నాను.

మా కాలేజీ వాళ్లు ఆమె జ్ఞాపకంగా చిన్న సంచిక వేస్తున్నారు. నన్ను రాయమన్నారు. ఆమెతో ఒకే ఇంట్లో అన్నం తిని, ఒకే ల్యాబులో పనిచేసినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి అడిగారు. ఇట్లాంటి రాతల్లో పోయినవాళ్లు దేవతలైపోతుంటారు. నా చేత ఆ పని కాదు. నేను ఆమెకు ఆడబిడ్డను. ఆడబిడ్డ వదినను పొగిడితే మా దిక్కు ఆమెకు జ్వరం వచ్చిందేమోనని నుదురు పట్టి చూస్తారు. ఆమె ఉన్నన్నాళ్లూ నేను ఆమెను చూసి కుళ్లుకున్నాను. పోయిందని తెలిశాక కూడా ఆ కుళ్లు తగ్గలేదు. ఈ వ్యాసం నా మీద ఆమె రాయాల్సి వస్తే నాకంటే బాగా రాసేది, అదొకటి.

మాది కరీంనగర్. మా దిక్కు నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ అంటాం. బాపుకు ఊళ్లో కొంత పొలం, అన్నకు పట్నంలో ఎరువుల దుకాణం. ఇంట్లో పెద్ద చదువు నాదే. ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ అయి పరిశోధనలో చేరిన రోజుల్లో మా దండెం మీద నా తెల్లకోటు ఒక్కటే ఆరేది. దారిన పోయేవాళ్లు "మీ బిడ్డ డాక్టరా" అని అడిగితే మా అవ్వ "గంతకన్న ఎక్కువ" అనేది. ఆ రోజులు నాకు చాలా బాగుండేవి. అప్పుడు ఆదిలాబాద్ నుంచి అన్నకు సంబంధం వచ్చింది. పిల్లను చూసి వచ్చిన బాపు చెప్పులు విప్పుతూనే "ఆ పిల్ల గూడ సైన్సేనట బిడ్డా. కెమిస్ట్రీ. నీకు తోడైతది" అన్నాడు. నాకు తోడు కావాలని నేను ఎవరినీ అడిగిన గుర్తు లేదు.

పెళ్లయ్యాక దండెం మీద రెండు కోట్లు ఆరడం మొదలైంది. ఆమె కోటు మీద మరకలుండేవి కావు, కెమిస్ట్రీ మనిషి అయి ఉండి కూడా. వాళ్ల నాన్న పత్తి జిన్నింగు మిల్లులో గుమాస్తా. మాటల మధ్య మరాఠీ దొర్లేది. దేనికైనా సరే అనాలంటే "బరె, బరె" అనేది. నన్ను "పిల్లా" అని పిలిచేది, నాకంటే ఏడాదో రెండేళ్లో పెద్దది, అంతకే. కోపం వస్తే మాత్రం "బాయీ" అనేది. ఆ పిలుపు వినపడితే అన్న మెల్లగా దుకాణానికి జారుకునేవాడు.

అవ్వను ఆమె ఎంత తొందరగా తనవైపు తిప్పుకుందో తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. సకినాలు చేసే రోజు ఒకటి చెప్తాను. తెలియనివాళ్ల కోసం చెప్పాలంటే, సకినాలంటే బియ్యప్పిండి ముద్దను వేళ్లతో తిప్పుకుంటూ గుడ్డ మీద చుట్లు చుట్లుగా పోసి, తడి కాస్త లాగనిచ్చి నూనెలో వేస్తాం. నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్న పని. వాళ్లింట్లో అది పెద్దగా చెయ్యరట. అవ్వ పక్కన కూర్చుని కాసేపు చూసింది, తర్వాత తనూ పిండి తీసుకుంది. చుట్టు ఎక్కడా తెగలేదు, ఎక్కడా లావు సన్నం కాలేదు. నా వాటి దగ్గర పెడితే నావి నేనే చూడలేకపోయాను.

"గీ పిల్ల జూడు, సుట్టు సుడితె తెగది" అంది అవ్వ. "నీదేమో ఉరికురికి పోతది."

"నేర్పింది నువ్వే గదా అత్తా" అంది వదిన. ఆ మాటతో అవ్వ పూర్తిగా ఆమెదైపోయింది. నేను ఆ రోజు సకినాలు తినలేదు. ఎవరూ గమనించలేదు.

ఇక మా పని. రంగుతో నడిచే సోలార్ పలకల మీద మా ఇద్దరి పరిశోధన. పైకప్పుల మీద చూస్తారే, ఆ నల్ల పలకలు కావు. ఇవి చేతిలో ఇమిడేంత గాజు ముక్కలు. కరెంటు పారే పూత ఉన్న ఖరీదైన గాజు మీద టైటానియం డయాక్సైడ్ అనే తెల్లపొడి, గోడలకు వేసే తెల్లరంగులో ఉండేదే, మెత్తని ముద్దగా నూరి పలచగా పూస్తాం. ఫర్నేస్‌లో కాలుస్తాం. కాలాక అది కంటికి కనపడని గుల్లలతో నిండుతుంది. రంగులో నానబెడితే ఆ గుల్లల్లోకి రంగు ఎక్కుతుంది. ఎండ పడినప్పుడు రంగులోంచి ఎలక్ట్రాన్ ఊడివచ్చి, ఆ తెల్లపొరలో నడిచి గాజును చేరితే కరెంటు. గొడవంతా పొర మందం దగ్గరే. పలచనైతే చాలినంత రంగు పట్టదు, వెలుతురు వృథాగా దాటిపోతుంది. మందమైతే ఎలక్ట్రాన్ గాజు దాకా రాకుండా దారిలోనే పోతుంది. పైగా కాల్చేటప్పుడు పొర పగిలి పెచ్చులూడుతుంది. వెంట్రుక మందంలో నాలుగో వంతో ఐదో వంతో ఉండే ఈ పొర సరిగ్గా ఎంత ఉండాలన్నదే నా పీహెచ్‌డీ మొత్తం.

పూయడానికి పెద్ద యంత్రాలేం లేవు. గాజుకు రెండు అంచులా సెల్లోటేపు అంటించి, మధ్యలో ముద్ద చుక్క వేసి, గాజు కడ్డీతో ఒక్క లాగు లాగాలి. టేపు ఎంత ఎత్తుంటే ముద్ద అంత ఎత్తు. ఒక పొర ఆరాక దాని మీద ఇంకో పొర. చెప్పడానికి ఇంతే. నా చేతి కింద ఆ కడ్డీ ఒకచోట పరిగెత్తేది, ఒకచోట ఆగేది. మా గైడు సారు నా పలకను ట్యూబులైటు దిక్కు పట్టి చూసి, "నీ లెక్క బంగారమమ్మా. చెయ్యే జర..." అని ఆపేసేవాడు. ఆ మాట ఆపకుండా అనేసినా బాగుండేది.

నా డాక్టరేటు అయి, అదే ఊళ్లో నా పెళ్లయి, కాలేజీలో ఉద్యోగం వచ్చాక వదిన కూడా అదే సారు దగ్గర చేరింది. మొదటి పలక పూసినరోజు నేను అక్కడే ఉన్నాను. చేతి గాజులు తీసి కోటు జేబులో వేసుకుంది. ఊపిరి బిగబట్టి, ఎడమ మడమ కొంచెం ఎత్తి, కడ్డీ లాగింది. సారు దాన్ని ట్యూబులైటు దిక్కు పట్టాడు. ఆ పలకను అలాగే పట్టుకుని పక్కగదిలో వాళ్లకు చూపించడానికి వెళ్లిపోయాడు. నేను కిటికీ మూయడానికి వెళ్లాను, అది మూసే ఉంది.

ఇద్దరం ఒకే కాలేజీలో పాఠాలు చెప్పేటప్పుడు మా పని ఒక పద్ధతిలో పడింది. పూసేది ఆమె, కొలిచేది నేను. మైక్రోస్కోపు, మీటరు నా గదిలో. ఆమె స్టీలు టిఫిను డబ్బాలో దూది పరిచి, దాంట్లో పలకలు పెట్టుకుని వచ్చేది. బల్ల మీద పెట్టి "చూడు పిల్లా" అని పక్కన నిలబడేది. నేను ఒక్కొక్కటే తీసి అంచు నుంచి అంచు దాకా చూసేదాన్ని. మందం కొలవడానికి చూసేదాన్నే, కానీ ముందు పగులు కోసం వెతికేదాన్ని. ఒక్క గీత కనపడితే చాలు, ఆ రోజు నాకు అన్నం సయించేది. ఎప్పుడూ కనపడలేదు.

రంగు కోసం ఆమె ఖరీదైన డబ్బాలు తెప్పించేది కాదు. హోలీ ముందు పుట్టింటికి వెళ్లి, సంచి నిండా మోదుగు పూలతో బస్సు దిగేది. ఆదిలాబాద్ దారి పొడుగునా ఆ కాలంలో చెట్లన్నీ అవే కదా. అన్న దుకాణంలోని ఖాళీ యూరియా సంచులు విప్పి, కడిగి, మేడమీద పరిచి ఆ పూలు ఆరబోసేది. మరిగించి వడగడితే పసుపూ కాషాయమూ కలిసిన రంగు. ల్యాబుకు పోను మిగిలింది హోలీకి. ఒకసారి నేను వద్దంటున్నా చెంబుతో నెత్తిమీద గుమ్మరించి, "ఈ పిల్లకు ఎన్ని పొరలున్నయో, ఎంత పోసినా రంగెక్కది" అంది. బాపు కూడా నవ్వాడు. నాకు ఆ చీర అంటే ఇష్టం.

మా అసలు తగువు మూడో పొర మీద. నా థీసిస్ రెండు పొరలు చాలంది. ఆమె మూడు కావాలంది. ఈ తగువు ల్యాబులో మొదలై వంటింట్లోకి, అక్కడి నుంచి పెళ్లిళ్లలో పంక్తి భోజనాల దాకా వచ్చింది.

"రెండు పొరలే వదినా. థీసిస్‌ల రాసిన."

"నీ థీసిస్ నీ రంగుకు. నా మోదుగు రంగు జర పలుచన. దానికి జాగ ఎక్కువ గావాలె."

"జాగ ఎక్కువైతె దారి ఎక్కువైతది. ఎలక్ట్రాన్ నడిమిట్లనే ఆగమైతది."

"ఆగమైతదో లేదో నడిపిచ్చి చూద్దాం. బరె?"

బాపు పళ్లెంలోంచి తలెత్తి, "ఏందే మీ లొల్లి, గోడలకు సున్నమేసెటోళ్ల తీరు" అనేవాడు.

ఆమె మూడు పొరలు వేసుకుని వచ్చింది. దీపం కింద పెట్టి మీటరు చూశాను. పైకి పోయింది. ఇంకోటి పెట్టాను, అదీ అంతే. నా చేత్తో నేను దిద్దుకున్న మీటరే నా మాట వినలేదు. నాలుగో పొరకు కరెంటు పడిపోయింది. అప్పుడు ఆమె మనసు చిన్నబుచ్చుకోకుండా, "నువ్వు జెప్పిందే నిజం పిల్లా. పొర మితిమీరితె పడిపోతది. నువ్వన్నదానికి ఒక్కటే అటిటు" అంది. గెలిచినవాళ్లు ఓడినవాళ్లను ఓదార్చడం కంటే కడుపుమంట ఇంకోటి ఉండదు. తిడితే బాగుండేది.

దాని తర్వాత నేను కాలేజీ సెలవుల్లో ఒక్కదాన్నే ల్యాబు తెరిపించుకుని మూడు పొరలు పూయడానికి కూర్చున్నాను. రెండు పొరల దాకా ఏదో ఒక తీరుగా వచ్చేది. మూడోది వేసి ఫర్నేస్‌లో పెట్టి తీస్తే, ఎండాకాలం నల్లరేగడి చేను. ఎటు చూసినా నెర్రెలు. ముద్ద పలచన చేశాను, చిక్కన చేశాను. మెల్లగా ఆరబెట్టాను. టేపు కంపెనీ మార్చాను. అన్నీ నెర్రెలే. ఆమె డబ్బాలో మాత్రం మూడు పొరల పలకలు మీగడ తీరుగా వస్తూనే ఉండేవి. నాకు కావాల్సింది ఆ ఒక్కటే. ఆ మూడో పొర పగలకుండా ఆమెకు ఎట్లా వస్తుందో తెలియాలి. అడిగితే చెప్పేది. పెద్ద మనసే, దాచుకునే రకం కాదు, లేక నేనట్లా అనుకున్నాను. కానీ అడిగితే ఒప్పుకున్నట్టే కదా. ఇంట్లో అన్నీ ఆమెకు పోయాయి, ఇదొక్కటైనా నేను నా చేతులతో కనుక్కుంటానని పట్టుబట్టాను. ఆ పట్టులో ఎన్ని ఏళ్లు పోయాయో.

అన్నీ పోయాయని ఊరికే అనడం లేదు. పిల్లలు నన్ను "మేడం" అనేవాళ్లు, ఆమెను "అమ్మా" అనేవాళ్లు, ఆమె పరీక్షల్లో నాకంటే తక్కువ మార్కులు వేసేది, అయినా. బాపు కొత్తవాళ్లకు మమ్మల్ని పరిచయం చేసేటప్పుడు మొదట్లో "మా బిడ్డ సైంటిస్టు" అనేవాడు, కొన్నాళ్లకు "మా బిడ్డ, మా కోడలు" అన్నాడు, చివరికి "మా కోడలు" దగ్గర ఆగిపోయేవాడు. అవ్వ మంచం పట్టినప్పుడు నేను సెలవు పెట్టి వచ్చి పక్కన కూర్చున్నాను. ఒళ్లు తుడవబోతే అవ్వ నా చెయ్యి తోసి "కోడలేది" అంది. వదిన కాలేజీ నుంచి వచ్చి, కోటు కూడా విప్పకుండా చీర కుచ్చిళ్లు దోపుకుని నీళ్లు కాచింది. "నువ్వు చెయ్యి ఆనించు పిల్లా, నేను తుడుస్త" అంది. అట్లా నాక్కూడా ఒక పని ఇచ్చింది. అవ్వ ప్రాణం పోయేదాకా ఆ చాకిరీ విసుక్కోకుండా చేసింది. దానికి నేను ఆమెకు ఏమిచ్చినా తీరదు. అది నిజం. అవ్వ నన్ను కాకుండా ఆమెనే పిలిచిందన్న మంట కూడా అంతే నిజం. రెండూ ఒకే కడుపులో ఉన్నాయి, ఒకదాన్నొకటి ఆర్పుకోవు.

ఆమె మాటలు కొన్ని పిల్లలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ముద్ద నూరేటప్పుడు ఎవరైనా తొందరపడితే "కల్వం ఉరకది, నువ్వెందుకు ఉరుకుతవు" అనేది. పలక ఆరకముందే ఎత్తబోతే "ఆగు, దానిది దాన్ని గుంజుకోనియ్యి" అనేది. నాతో మాత్రం ఇంకో మాట అనేది, ల్యాబులో ఎవరూ లేనప్పుడు. "నువ్వు నవ్వుకుంట చూడు పిల్లా. నీ చూపుకు పలక బెదురుతది." నేను దాన్ని ఎగతాళి అనుకున్నాను.

పోయిన వానాకాలం ఆమెకు జబ్బు బయటపడింది. చలికాలం వచ్చేసరికి ఆసుపత్రి మంచం మీదనే ఎక్కువగా ఉంటోంది. మోదుగు రంగు మీద ఆఖరి వరుస పలకలు ఇంకా మిగిలే ఉన్నాయి. మూడు పొరలవి మళ్లీ చేసి, మళ్లీ కొలిచి చూస్తే గానీ ఆమె పని పూర్తి కాదు. చేయగలిగిన చెయ్యి మంచం మీద ఉంది. ఇప్పుడు అడగకపోతే ఎప్పటికీ తెలియదని, ఒక మధ్యాహ్నం నేను దానిమ్మపండ్లు కొనుక్కుని వెళ్లాను. అన్న మందుల కోసం కిందికి వెళ్లాడు. వార్డులో ఎండ మంచం దాకా వచ్చింది. ఆమె చేతులు దుప్పటి మీద ఉన్నాయి, బాగా చిక్కిపోయి. నేను పండు ఒలుస్తూ కూర్చున్నాను. ఒలవడం అయిపోయింది, రెండోది తీసుకున్నాను.

"ఏందో అడుగుదామని వచ్చినవు" అంది ఆమెనే. "అడుగు."

"మూడో పొర నీకు పగులకుండ ఎట్ల వస్తది వదినా?"

ఆమె నా మొహం చూసింది. నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది, నీళ్లు తాగించాను.

"పగులది అని నీకెవరు జెప్పిన్రు?"

"నేను చూసిన గదా. ఇన్నేండ్లు చూసిన. ఒక్కటి గూడ పగుల్లేదు."

"నీకు జూపెట్టినయి పగుల్లేదు" అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె ఆగి ఆగి చెప్పింది. మూడో పొర ఎవరికైనా పగులుతుందట. చాలా పూస్తే ఏదో ఒకటి నిలుస్తుంది. నిలిచినవే డబ్బాలో దూది మీద నా దగ్గరికి వచ్చేవి. పద్ధతి, మంత్రం ఏమీ లేవు. ఎన్ని పగిలాయో సారుకు మొదటినుంచీ తెలుసు, తన థీసిస్‌లో కూడా రాసింది. నేను ఆ థీసిస్ చదవలేదు. చదివితే మెచ్చుకోవాల్సి వస్తుందని పక్కన పెట్టాను.

"మరి నాకెందుకు జెప్పలే?"

"నీ ముందల పగిలింది పెడ్తనా? నువ్వు బూతద్దం వట్టుకొని కూసుంటివి. సారు నీ లెక్కలు పదిమందికి చూపెట్టి మురిసెటోడు. నాకు గా లెక్కలు సగం తెలువయి. అత్తగారింటికి వచ్చి నీ పక్కన కోటు ఆరేసుకున్న కానుంచి నీ అంత దాన్ని కావాల్నని కుళ్లిన. చెయ్యన్న మంచిగున్నదని అనుకోనియ్యి అనుకున్న."

"నేనంటె నీకు కుళ్లా?"

"మరి?" అంది, అదేదో కొత్త సంగతి అడిగినట్టు. "నీకు లేదా నేనంటె?"

నేను దానిమ్మ గింజలు ఆమె చేతిలో పోశాను. ఆమెకు జవాబు అక్కర్లేదు.

"గా పగిలినయన్ని ఏం జేసినవు? గా అద్దం పిరం గదా, పైసలు దండుగ" అన్నాను.

"ఇంటికి పట్కపోతుంటి. మీ అన్న తోమెటోడు. పొర మొత్తం గీకి, సబ్బు వెట్టి, అద్దం తేటగ జేసి ఇచ్చెటోడు. పొద్దుగూకితె అదే పని మాకు. నేను పూసుడు, ఆయన తోముడు."

"అన్నకు ఎర్కనా?"

"ఆయనకు గాక ఇంకెవరికి ఎర్క?"

ఆమె ఎంతో తేలికగా చెప్పింది. నేను తేలికపడాల్సింది. ఇన్నేళ్లు నేను ఎవరిని చూసి నా చేతులను తిట్టుకున్నానో, ఆ చేతులూ నా చేతుల్లాంటివే అని తెలిసింది. తేలికపడలేదు. నాకు అక్కడే కూర్చుని కొత్తగా మండింది. మా అన్న, మైక్రాన్ అంటే ఏదో మందు పేరనుకునే మనిషి, దుకాణం కట్టేసి వచ్చి వాకిట్లో నల్లా దగ్గర కూర్చుని ఆమె ఓడిపోయినవన్నీ తోమి ఇచ్చాడు. నాతో ఒక్క మాట అనలేదు. అదే అన్న నా పెళ్లికి ముందు నా సైకిలు పంక్చరైనా ఇంటిల్లిపాదికీ చెప్పి నవ్వించేవాడు. ఆమె గెలిచిన పలకలు నాకు వచ్చాయి. ఓడినవి మా అన్నకు వెళ్లాయి. ఎవరికి ఎక్కువ ఇచ్చిందో నాకు ఆ మంచం పక్కనే తెలిసింది. అంతలో అన్న మందుల కవరుతో వచ్చాడు. ఇద్దరం ఒకేసారి మాట ఆపేయడం చూసి, "ఏం లొల్లి మళ్ల" అన్నాడు. "మీ చెల్లె అడిగింది" అంది ఆమె. "అడిగిందా!" అన్నాడు అన్న, ఆమె దిక్కు చూసి. ఇద్దరూ నవ్వుకున్నారు. ఇన్నేళ్లూ వాళ్లిద్దరూ నేనెప్పుడు అడుగుతానో అని ఎదురు చూశారన్నమాట.

ఆ తర్వాత ఆమె ఎక్కువ రోజులు లేదు.

కర్మలన్నీ అయ్యాక అన్న దుకాణం తెరవడం మానేశాడు. బాపు మాట్లాడిస్తే ఊ కొడతాడు. వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు, అంతే. నేను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్లి చాయ పెట్టి ఇస్తే తాగుతాడు, లేకపోతే లేదు. నాతో వదిన గురించి మాట్లాడడు. నాకది కూడా కష్టంగా ఉండేది. ఆమె జ్ఞాపకాలు కూడా తన ఒక్కడివే అన్నట్టు దాచుకున్నాడని.

పోయినవారం ల్యాబులో ఆమె పొడి డబ్బా తీశాను. ముద్ద నూరాను. చేతి గాజులు తీసి జేబులో వేసుకున్నాను. ఊపిరి బిగబట్టాను. మడమ ఎత్తడం నా వల్ల కాలేదు, పడబోయాను. మూడు పొరలూ వేసి, ఫర్నేస్‌లో పెట్టి, చల్లారాక తీశాను. ఒక మూల నుంచి ఇంకో మూలకు నెర్రె. దాని పక్కన సన్నవి మరికొన్ని. ఎప్పుడూ చేసేటట్టు చెత్తబుట్ట దాకా తీసుకెళ్లాను. పడేయబుద్ధి కాలేదు. చేతిరుమాలులో చుట్టుకుని ఇంటికి వెళ్లాను.

అన్న వాకిట్లోనే ఉన్నాడు. రుమాలు విప్పి పలక అతని చేతిలో పెట్టాను.

"ఏందిది?"

"మూడో పొర. పగిలింది."

"ఎవరిది?"

"నాదే."

అన్న పలకను సాయంత్రపు వెలుతురు దిక్కు పట్టాడు. అచ్చం సారు పట్టినట్టే. బొటనవేలితో నెర్రె వెంబడి మెల్లగా తడిమి చూశాడు.

"నీదే నయం చెల్లే" అన్నాడు. "ఆమెవి ఇంతకన్న ఘోరంగ పగులుతుండె."

ఆ ఇంట్లో ఎవరో ఒకరు ఆ మాట అంటే చాలని నేను ఇన్నేళ్లు కాచుకుని ఉన్నాను. ఆమెకంటే నాది నయమని. ఇప్పుడు అన్నారు. పరుగెత్తుకుపోయి ఆమెకు చెప్పి ఏడిపించాలనిపించింది. ఎక్కడికి పోవాలి? గడపలో కూర్చుని, ఆమె పోయినరోజు కూడా రాని ఏడుపు ఏడ్చాను.

అన్న ఓదార్చలేదు. లేచి నల్లా దగ్గరికి వెళ్లి గొంతుక్కూర్చున్నాడు. సబ్బు ముక్క వెతుక్కున్నాడు. పొర నానేదాకా ఆగి, గోటితో అంచు లేపి, బొటనవేలితో రుద్దడం మొదలుపెట్టాడు. తెల్లని నీళ్లు అతని మణికట్టు మీది నుంచి కారి బండల సందుల్లోకి పోతున్నాయి.

"ఇంకా పొడున్నదా?" అన్నాడు తల ఎత్తకుండానే.

"ఉన్నది."

"మరి రేపు ఇంకోటి పట్కరా."

అట్లాగేనన్నాను. గాజు తేటబడి కింది బండ కనపడుతోంది. అన్న ఇంకా తోముతూనే ఉన్నాడు.